కొడగు కొండల్లో మా మేనేజరు గారి గోల్ఫ్

పొగాకు కొనుగోలు పనిలో ఉన్న మా కందుకూరు, టంగుటూరు, కొండపి ప్రాంతాల వాళ్లకు ఏటా రెండు కాపురాలు తప్పేవి కావు. మా వైపు వేలాలు శివరాత్రి అటూ ఇటూగా మొదలై ఆషాఢం దాకా సాగేవి. అవి ముగిసి నాలుగు రోజులు ఇంటిపట్టున ఉన్నామో లేదో, మైసూరు చుట్టుపక్కల వేలాల కబురు వచ్చేది. పొగాకు బోర్డు వేలం పద్ధతి కర్ణాటకలో 1984లోనూ, మన రాష్ట్రంలో 1985లోనూ మొదలైన నాటి నుంచీ ఈ వలస మా వాళ్లకు అలవాటైపోయింది. దసరా వెళ్లగానే పెట్టే బేడా సర్దుకుని హుణసూరుకో పిరియాపట్టణానికో చేరుకుంటే, మధ్యలో సంక్రాంతికి ఒకసారి ఇంటి ముఖం చూసి రావడం తప్ప మాఘమాసం దాకా అక్కడే మకాం. నేను కొనుగోలు విభాగంలో గుమాస్తాను. బేళ్ల (పొగాకు కట్టల) నంబర్లు, గ్రేడ్లు, ధరలు పుస్తకంలోకి ఎక్కించి సాయంత్రానికి లెక్క తేల్చడం నా పని. గోల్ఫ్ అనే ఆటతో నాకు పరిచయం కలగడానికి ఆ ఉద్యోగంలో ఏ కారణమూ లేదు, మా మేనేజరు గారు తప్ప.

ఆయనది నెల్లూరు, మూలపేట. నెల్లూరు వాళ్లకు మద్రాసు ఏనాడూ పరాయి ఊరు కాదు కదా, ఆయన కాలేజీ చదువు కూడా అక్కడే సాగింది. గిండీ గుర్రపు పందేల మైదానం నడుమ జింఖానా క్లబ్బు వారి గోల్ఫ్ కోర్సు, అంటే ఆ ఆట ఆడే పచ్చిక నేల, ఒకటి ఉండేది. ఒక బంధువు వెంట అక్కడికి వెళ్లి, ముందు ఊరికే చూసి, తర్వాత కర్ర పట్టి, ఆపైన ఇక వదలలేకపోయారట. ఉద్యోగం ఆయన్ని తెచ్చి కందుకూరులో పడేసింది. చుట్టుపక్కల ఎక్కడా గోల్ఫ్ కోర్సు లేని చోట ఆ మనిషి చేసిందేమిటంటే, గోడౌను వెనక ఉన్న బీడు నేలలో సాయంత్రం పూట ఒంటరిగా బంతులు కొట్టుకోవడం. అది నల్లరేగడి నేల, ఎండాకాలం వస్తే మోచేతి దాకా చెయ్యి పట్టే నెర్రెలు విచ్చుకుంటాయి. గోల్ఫ్ బంతి నిమ్మకాయంత కూడా ఉండదు, దాని అడ్డుకొలత 43 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ, బరువు 46 గ్రాములకు లోపు. కొట్టిన బంతి ఎంత దూరం పోయిందన్నది తర్వాతి మాట, అది ఏ నెర్రెలోకి దిగిందన్నదే మాకు సమస్య. కూలీల పిల్లలు బోర్లా పడుకుని నెర్రెల్లోకి చేతులు దూర్చి ఒక్కో బంతినీ పైకి తీసేవారు. ముఠా పెద్ద ఒకాయన చాలా రోజులు చూసి చూసి, చివరికి అడగనే అడిగాడు: "ఏంది సార్, కొట్టేదీ మీరే, ఎతుక్కునేదీ మీరే, ఇంక గెలిచేదెవురు?" ఆ ప్రశ్నకు మేనేజరు గారు చాలాసేపు నవ్వారు కానీ జవాబు మాత్రం చెప్పలేదు.

అందుకే పిరియాపట్టణం మకాం అంటే ఆయనకు పండగ. నేను చెప్తున్నది 2000 తర్వాతి సంవత్సరాల మాట. అప్పటికింకా వేలం కంప్యూటర్లలోకి ఎక్కలేదు, బేళ్ల వరసల వెంట నడుస్తూ నోటితోనే ధర పలికేవారు. వారమంతా ఆ నడక నడిచి ఆదివారం తెల్లవారుజామున మరో నడకకు బయలుదేరేవాళ్లం. పిరియాపట్టణం నుంచి మాల్దారె అడవి మీదుగా సిద్దాపురం పోయే దారి ఉంది, అది దాటితే కొడగు (కూర్గ్) జిల్లా కాఫీ తోటలు. డ్రైవరు మా వలేటివారిపాలెం కుర్రవాడు. రోడ్డు మీద పచ్చి ఏనుగు లద్దె కనిపిస్తే చాలు, బండి నిలిపి "అన్నా, ఆవిరి వస్తా ఉంది, ఇప్పుడే పోయినట్టుంది" అని నా వంక చూసేవాడు, ముందుకు పోవాలా వద్దా అన్నది నేనే తేల్చాలన్నట్టు. మేనేజరు గారు మాత్రం వెనక సీట్లో కర్రల సంచిని ఒళ్లో పెట్టుకుని ఏనుగు సంగతి తనది కాదన్నట్టు కూర్చునేవారు.

మొట్టమొదట చూసింది పాలిబెట్ట. సిద్దాపురానికీ గోణికొప్పకూ మధ్య, కాఫీ తోటల నట్టనడుమ ఉన్న చిన్న ఊరు అది. ఒకప్పుడు కన్సాలిడేటెడ్ కాఫీ అని పిలిచిన కంపెనీ, 2000లో పేరు మారి టాటా కాఫీ అయ్యాక కూడా, అక్కడి నుంచే తోటల వ్యవహారం నడిపేది. తోట దొరల కాలంలో వెలసిన బాంబూ క్లబ్బు, దానికి ఆనుకుని తొమ్మిది రంధ్రాల గోల్ఫ్ కోర్సు. బంతిని వీలైనన్ని తక్కువ దెబ్బల్లో ఒక్కో రంధ్రంలో పడేయడమే ఆట. పూర్తి ఆటకు పద్దెనిమిది రంధ్రాలు కావాలి కాబట్టి అదే తొమ్మిదిని రెండుసార్లు చుట్టాలి. మేనేజరు గారికి తోటల్లో పనిచేసే స్నేహితులు ఉండటం వల్ల అతిథులుగా మాకు ప్రవేశం దొరికేది. నేను ఆయన వెంట స్కోరు కార్డు రాసే మనిషిగా వెళ్లేవాణ్ణి. వారమంతా చేసే పని ఆదివారం కూడా చేయడమేమిటని మా ఇంటావిడ ఫోనులో ఎగతాళి చేసేది.

ఆ నేలను చూసిన మొదటి క్షణంలో నాకు కలిగింది ఆనందం కాదు, ఒక రకమైన గాభరా. మా ప్రకాశం జిల్లాలో ఏడాది మొత్తం మీద కురిసే వాన తొమ్మిది వందల మిల్లీమీటర్లకు లోపే. నాలుగు గేదెలున్న ఇంట్లో గడ్డి మోపు కోసం మైళ్లు నడిచిన ఆడవాళ్లను నేనెరుగుదును. అలాంటి చోటు నుంచి వచ్చినవాడి కళ్ల ముందు కనుచూపు మేర పచ్చిక పరుచుకుని ఉంది, దాన్ని మేయడానికి ఒక్క పశువు లేదు. పైగా దాన్ని కోసి పారేస్తున్నారు! ఇంత గడ్డి వృథా అవుతోందని నేను నోరు జారితే మేనేజరు గారు, "మడికేరిలో మూడు వేల మిల్లీమీటర్లు దాటి కురుస్తుందయ్యా, ఇక్కడ గడ్డిని పెంచనక్కర్లేదు, ఆపితే చాలు" అన్నారు. ఆ మాట నిజమే. ఆషాఢ శ్రావణాల్లో అక్కడ రోజుల తరబడి ముసురు పట్టి, నేలంతా నీరూరి, ఆట దాదాపు నిలిచిపోతుంది. మళ్లీ వానలు వెనకపట్టాక మైదానాన్ని దారికి తేవడమే పెద్ద పని. మేము వెళ్లేసరికి ఆ పని అయిపోయి ఉండేది కాబట్టి మాకు కనిపించేది తుది రూపమే.

ఆట నాకు పెద్దగా పట్టుబడలేదు, పట్టుకోవాలని కూడా అనిపించలేదు. పార్ అంటే ఒక రంధ్రాన్ని ఎన్ని దెబ్బల్లో ముగించాలన్న లెక్క అనీ, అది మూడో నాలుగో అయిదో ఉంటుందనీ, ఒకటి తగ్గితే బర్డీ, రెండు తగ్గితే ఈగిల్, ఒకటి పెరిగితే బోగీ అనీ మాత్రం నేర్చుకున్నాను, కార్డు నింపడానికి ఆ మాత్రం చాలు. నా మనసు లాగింది వేరే వైపు. రంధ్రం చుట్టూ ఉండే మెత్తని పచ్చిక, వాళ్లు గ్రీన్ అనేది, నాకు మా నాన్న పోసిన పొగనారుమడిని తలపించింది. పొగాకు విత్తనం ఎంత సన్నమంటే గ్రాముకు పది వేలకు పైగా తూగుతాయి. ఆ గింజలను ఇసకలో కలిపి ఎత్తు మడుల మీద చల్లి, పైన తాటాకు కప్పి, రోజుకు నాలుగైదుసార్లు సన్నటి జల్లుతో తడుపుతూ, కలుపు మొలిస్తే పక్కనున్న నారు కదలకుండా వేళ్లతో గిల్లి తీసేవాళ్లు. గ్రీన్ మీద గొంతుక్కూర్చుని సరిగ్గా అదే విధంగా కలుపు గిల్లుతున్న ఒక పెద్దాయనను పాలిబెట్టలో చూసి, కార్డు డ్రైవరు చేతికిచ్చి ఆయన పక్కకు చేరాను.

తోటమాలీగా చేరి అక్కడే జుట్టు నెరిసిన మనిషి. తమిళం కలిసిన కన్నడం ఆయనది, తెలుగు కలిసిన కన్నడం నాది, నేల గురించి మాట్లాడుకోవడానికి రెండూ సరిపోయాయి. పొద్దున్నే ఎవరూ రాకముందు ఆయన ఒక పొడవాటి సన్నని వెదురు బద్దను పచ్చిక మీద అడ్డంగా ఊపుతూ మంచు దులిపేవాడు. బద్ద సాగినంత మేర నీటి తుంపర లేచి, ఆ దారి ముదురాకుపచ్చగా తేలేది, తక్కినదంతా ఇంకా మంచుతో తెల్లగానే ఉండేది. మంచు నిలిస్తే గడ్డికి తెగులు పడుతుందనీ, బంతి కూడా సరిగా దొర్లదనీ చెప్పాడు. రంధ్రాన్ని కొద్ది రోజులకొకసారి చోటు మారుస్తారని కూడా ఆయన వల్లే తెలిసింది. దానికి గొట్టం వంటి ఉక్కు పనిముట్టు ఉంటుంది. రంధ్రం వెడల్పు ఎక్కడైనా 108 మిల్లీమీటర్లే, పనిముట్టు కూడా అంతే వెడల్పు. కొత్త చోట దాన్ని గుచ్చి తిప్పి, వేరూ మన్నూ చెదరకుండా గడ్డి ముద్దను పైకి లాగి, దాన్ని తీసుకెళ్లి పాత గుంటలో దించి, అరచేతితో అదిమి, కాసిని నీళ్లు పోసేవాడు. మర్నాటికి ఆ చోటును నేను గుర్తుపట్టలేకపోయాను. ఆయనకు మాత్రం ఏ గ్రీన్ మీద ఏయే చోట్ల పాత గుంటలున్నాయో తెలుసు, వేలితో చూపించేవాడు.

మన దక్షిణాది మైదానాల్లో ఎక్కువగా పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, మన గరికే. దానిలోనే సన్నటి ఆకు రకాలను, సంకర రకాలను ఎంచి వాడతారు. వినాయక చవితినాడు పూజలో పెట్టి, మర్నాటి నుంచి పారతో తవ్వి గట్టు మీద పారేసే గడ్డి అది. చేలో గరిక పడిందంటే మా వైపు రైతుకు నిద్ర పట్టదు. దాని వేరు ముక్క ఒక్కటి మిగిలినా మళ్లీ అల్లుకుంటుంది. ఆ మొండితనం కోసమే దాన్ని ఇక్కడ నెత్తిన పెట్టుకున్నారు, ఎందుకంటే రోజూ కోసినా, బూట్లు తొక్కినా, ఇనుప కర్రలు పెళ్లలు లేపినా చావని గడ్డి కావాలి. ఈ సంగతి ఊళ్లో మా బాబాయికి చెప్తే ఆయన నమ్మలేదు. గరికను జీతమిచ్చి పెంచే పిచ్చివాళ్లు ఉంటారా అని కొట్టిపారేశాడు.

మేనేజరు గారి ఆట గురించి ఒక్క మాట చెప్పాలి. గోల్ఫ్‌లో పక్కన నిలబడి తప్పొప్పులు చెప్పే అంపైరు ప్రతి జట్టు వెంటా ఉండడు, ఎవరి దెబ్బలు వాళ్లే లెక్కపెట్టుకోవాలి. ఒకసారి పాలిబెట్టలో ఆయన బంతి సిల్వర్ ఓక్ చెట్ల కిందికి పోయి రాలిన ఆకుల మీద ఆగింది. తోటి ఆటగాళ్లు దూరంగా ఉన్నారు. ఆయన కొట్టబోతూ కర్రను బంతి వెనక ఆనించగానే ఎండుటాకు కదిలి బంతి అంగుళం దొర్లింది. నేను తప్ప చూసినవాళ్లు లేరు, నాకేమో అందులో విశేషం తెలియదు. ఆయన కర్ర దించి, "ఒకటి కలుపుకో" అన్నారు. కొట్టకుండానే దెబ్బ ఎందుకు పడుతుందని అడిగితే, "కదిలింది నా వల్లే కదా" అని మళ్లీ కర్ర ఎత్తారు. ఆ రోజు ఒక్క దెబ్బ తేడాతోనే ఆయన తన స్నేహితుడికి భోజనం బాకీ పడ్డారు. వేలంలో కూడా అంతే, తడిసిన బేలును తడిసిందని రైతు ముఖం మీదే అనేవారు, మంచి ఆకును మంచిదని కూడా అంత గట్టిగానే అనేవారు. ఈ రెండోది వ్యాపారంలో అందరూ చేసే పని కాదు.

విరాజపేట దగ్గర బిట్టంగాలలో ఉన్న కొడగు గోల్ఫ్ లింక్స్ పద్దెనిమిది రంధ్రాలది. పాలిబెట్టతో పోలిస్తే అక్కడ ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది. గుట్టలు ఎక్కి దిగుతూ నడవాలి, పైకి వెళ్లినప్పుడల్లా పడమటి కనుమల వరసలు ఒకదాని వెనక ఒకటి నీలంగా తేలుతాయి. మంచి ఆటగాళ్లు దాన్నే మెచ్చుకుంటారు, మేనేజరు గారు కూడా మెచ్చుకున్నారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం అక్కడ తారసపడిన ఒక విశ్రాంత సైనికాధికారి. కొడగు అంటే ఫీల్డ్ మార్షల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య పుట్టిన నేల. ఆ క్లబ్బుల్లో ఉదయం పూట కనిపించే నెరిసిన మీసాల్లో చాలావరకు సైన్యం నుంచి వచ్చినవే. ఈయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గోల్ఫ్ అనేది మోకాళ్లు అరిగిన తర్వాత ఆడే ఆట అనీ, కొడగు స్థానికులైన కొడవల అసలు ఆట హాకీ అనీ చెప్పుకొచ్చారు. 1997లో కొడవ కుటుంబాల మధ్య హాకీ పోటీలు మొదలైతే, కొన్నేళ్లకే జట్ల సంఖ్య రెండు వందలు దాటిందట. జట్టంటే ఊరి జట్టు కాదు, ఒకే ఇంటిపేరు వాళ్ల జట్టు. మా ఇంటిపేరు వాళ్లమంతా కలిస్తే హాకీ జట్టు కాదు కదా, పెళ్లి బంతి కూడా తగువు లేకుండా సాగదని నేనంటే ఆయన పొట్ట పట్టుకుని నవ్వి బెల్లం కాఫీ తెప్పించారు. కాఫీ పండే చోట పాలూ పంచదారా లేకుండా బెల్లంతో కాచిన ఆ నల్లటి కాఫీ నాకు మొదట నోటికి పోలేదు, తర్వాత కందుకూరులో మా ఇంట్లో చేయించి చూశాను, అక్కడా పోలేదు. అక్కడి చలికే అది తగునేమో.

మడికేరి డౌన్స్ గోల్ఫ్ కోర్సు ఊరికి ఎగువన ఉంటుంది. 1834లో ఇంగ్లీషు కంపెనీ కొడగు రాజును దించి రాజ్యాన్ని కలుపుకున్నాక, 1854లో ఫౌలర్ అనే దొర మడికేరి దగ్గర తొలి కాఫీ తోట వేశాడు. ఆ వెనకనే తోట దొరలు, వాళ్ల వెనకనే క్లబ్బులు వచ్చాయి. మేము వెళ్లినప్పుడల్లా అక్కడ మంచే. జెండా కనపడదు, కొట్టిన బంతి లేచినట్టు చప్పుడు మాత్రం వినపడుతుంది. కర్రల సంచి మోసే కుర్రవాడు (కేడీ అంటారు) చెవి ఒగ్గి, బంతి గడ్డి మీద పడిందా, రాతి మీద పడిందా, పొదలో పడిందా అన్నది చప్పుడును బట్టే చెప్పి, మంచులోకి నడిచి వెళ్లి దాని పక్కన నిలబడి ఈల వేసేవాడు. అక్కడ ఆడటం మేనేజరు గారికి సుఖమనిపించలేదు, నాకు మాత్రం చలి ఒక్కటే గుర్తు.

ఒక ఏడాది వేలాలు ఆలస్యమై మార్చి దాకా ఉండిపోవలసి వచ్చింది. ఇంటికి పోలేదన్న చికాకు అందరికీ ఉంది. ఆ చికాకులోనే ఒక ఆదివారం పాలిబెట్ట వెళితే, మాల్దారె అడవి దాటకముందే బండిలోకి వాసన వచ్చింది. వారం కిందట వాన పడిందట. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడే ఆ తొలకరి జల్లులే కాఫీకి ప్రాణం. మొగ్గలు అంతదాకా బిగుసుకుని ఉండి, తడి తగిలిన కొద్ది రోజులకు తోటంతా ఒక్కసారిగా విచ్చుకుంటాయి. వాన రాకపోతే తోటల వాళ్లు స్ప్రింక్లర్లు పెట్టి మరీ రోబస్టా మొక్కలకు ఆ తడి ఇస్తారు. కొమ్మ పొడవునా కణుపు కణుపుకూ తెల్లటి గుత్తులు, మల్లెపూల వాసన, అందులో కొంచెం తేనె పులుపు. కోర్సుకు రెండు పక్కలా ఆ తెలుపే. పూత రెండు మూడు రోజులకు మించి నిలవదు. తేనెటీగల హోరుకు ఆటగాళ్లు మాట్లాడుకోవడానికి గొంతు పెంచవలసి వచ్చింది. ఆ రోజు మేనేజరు గారి బంతి ఒకటి హద్దు దాటి పూత మీద ఉన్న కాఫీ మొక్కల్లోకి పోయింది. నియమం ప్రకారం అయిదు నిమిషాలు వెతకవచ్చు (అప్పటికి అయిదే, 2019 నుంచి మూడుకు తగ్గించారు). కుర్రవాడు లోపలికి దూరబోతే ఆయన వద్దన్నారు. పూత రాలితే కాపు పోతుంది, బంతి పోతే పోయిందన్నారు. పొగాకు మనిషి కదా, పంట విలువ తెలుసు.

నీలగిరులకు వెళ్లింది మాత్రం ఉద్యోగం మీద కాదు, ఆయన పదవీ విరమణ చేశాక రెండు కుటుంబాలూ కలిసి వెళ్లిన యాత్ర అది. నెల్లూరు నుంచి మద్రాసు, అక్కడ రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి మేట్టుపాళయం, ఆపైన పళ్ల చక్రపు చిన్న రైలు. 46 కిలోమీటర్ల దారికి పదహారు సొరంగాలు. కూనూరు దాటాక వెల్లింగ్టన్ కంటోన్మెంటు, అక్కడ 1873 నాటి జింఖానా క్లబ్బు, దాని గోల్ఫ్ కోర్సు. తేయాకు కొండల మధ్య లోయలో కుదురుగా సర్దుకున్న నేల అది, మేనేజరు గారు దాన్ని చూసి మారుమాట లేకుండా నిలబడిపోయారు. ఊటీలోది ఇంకా ఎత్తున, వెన్లాక్ డౌన్స్ అనే గడ్డి గుట్టల మీద. 1891 నుంచి 1896 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న వెన్లాక్ ప్రభువు పేరు ఆ గుట్టలకు పెట్టారు. వేసవిలో మద్రాసు ప్రభుత్వమంతా దస్త్రాలతో సహా ఊటీకి తరలిపోయే రోజులవి. మన నెల్లూరు జిల్లా కాగితాలు ఎన్ని ఆ కొండెక్కి దిగాయో. 2,200 మీటర్లు దాటిన ఎత్తు కాబట్టి గాలి పలచన, అదే దెబ్బకు బంతి దాదాపు పది శాతం ఎక్కువ దూరం పోతుంది. వయసు మళ్లిన మేనేజరు గారు ఆ రోజు కుర్రకారుతో సమానంగా కొట్టి, అందులో ఎత్తు వాటా ఏమీ లేదని వాదించారు. గుట్టల మీద ముళ్ల గోర్స్ పొదలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. దొరలు సీమ నుంచి తెచ్చి నాటినవట. బంతి వాటిలోకి పోతే చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఒకప్పుడు అక్కడి గిరిజనులైన తోడాల గేదెలు మేసిన ఆ గడ్డి నేలల్లో చాలా భాగాన్ని యూకలిప్టస్, వాటిల్ తోటలు ఆక్రమించాయి. గోల్ఫ్ కోర్సు ఉన్న మేర మాత్రం గుట్టల పాత ఒంపులు ఇంకా కనిపిస్తాయి.

మున్నారులో హైరేంజ్ క్లబ్బు కూడా తర్వాతెప్పుడో చూశాను. ముప్పై ఏళ్లు తోటల్లో పనిచేసి వెళ్లిపోయే ప్లాంటర్లు తమ టోపీని అక్కడి బార్ గోడకు తగిలించి పోతారు. ఆ టోపీలను చూసినంతసేపు బయటి తొమ్మిది రంధ్రాల కోర్సును చూడలేదు, వాన పడుతోంది.

ఇవన్నీ చూసినవాడిగా నాకొక అభిప్రాయం ఏర్పడింది, ఆటగాళ్లు ఒప్పుకోకపోవచ్చు. కొండ తోటల్లోని పాత కోర్సులను వేసినవాళ్ల దగ్గర మట్టిని పెళ్లగించే యంత్రాలు లేవు. వాగు ఎటు పారితే అటు పారనిచ్చారు, మిట్ట ఉంటే దాని మీదుగా కొట్టమన్నారు, చెట్టు అడ్డం వస్తే ఆటగాణ్ణే చుట్టూ తిరగమన్నారు. ఇప్పుడు నగరాల శివార్లలో విల్లాలు అమ్ముకోవడానికి వేస్తున్న కోర్సుల్లో కొన్నింటిని పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు చూశాను. గుట్టను చదును చేసి, చదును మీద మళ్లీ కృత్రిమంగా మిట్టలు పోసి, బోరు నీళ్లతో వేసవంతా తడుపుతున్నారు. మా కనిగిరి, పామూరు వైపు తాగడానికి మంచినీళ్ల కోసం ట్యాంకరు దగ్గర బిందెలు వరస పెట్టిన సంగతి ఎరిగినవాడు ఆ స్ప్రింక్లర్ల పక్కన నిలబడి ఫొటో దిగలేడు. పాలిబెట్టలోనూ ఎండాకాలం నీళ్లు పెడతారు, కాదనను. ఆ నేల వానాకాలంలో పొంగిపొర్లే నేల, అంతవరకే నా సమాధానం.

మేనేజరు గారికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. మూలపేటలోనే ఉంటారు. నెలకొకసారైనా ఫోను చేసుకుంటాం, పొగాకు ధరల సంగతి అయిపోగానే మాట కోర్సుల మీదికి మళ్లుతుంది. ఆయనకు వెల్లింగ్టన్‌ను మించింది లేదు, నాకు పాలిబెట్ట తర్వాతే ఏదైనా. ఇది ఎన్నాళ్లనుంచో తెగని తగువు. మొన్న ఫోనులో ఆయనే, "కార్తీకంలో పోయి రెండూ చూసి తేల్చేద్దామయ్యా" అన్నారు. మోకాళ్ల మాటేమిటని అడిగాను. "పద్దెనిమిది నడవలేనులే. తొమ్మిది చాలు నాకు" అన్నారు. అయితే పాలిబెట్టే గెలిచినట్టు కదా, అక్కడున్నవే తొమ్మిది అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఏందయ్యా నువ్వు, అట్టయితే వెల్లింగ్టన్‌లో సగం ఆడి వస్తాం. డబ్బులు మాత్రం పూర్తిగా కడదాంలే" అన్నారు.